టోనీ హారిసన్ : ఇంటి నుడికి పద్యమున పీట వేసిన ఆంగ్లకవి

ఇంగ్లండు దేశమున ఇంగ్లీషు పలికినందుకే ఒక బాలుడు తరగతిలో అవమానితుడయ్యెనన్నచో మనలో పెక్కుమంది నమ్మరు. ఆ బాలుడే తరువాత ప్రముఖ కవియై, 2025లో కీర్తిశేషుడైన టోనీ హారిసన్.

అతడు 1937లో లీడ్స్ నగరమున జన్మించెను. తండ్రి రొట్టెల బట్టీలో పనివాడు. పదునొకండవ యేట విద్యార్థివేతనముతో లీడ్స్ గ్రామర్ పాఠశాలలో చేరెను. అచట కీట్సు గీతమును చదువ మొదలిడగనే ఉపాధ్యాయుడు నిలిపివేసి, ఆ యార్క్‌షైరు యాస కవిత్వమునకు పనికిరాదనెను. 'మాక్బెత్' నాటకమున త్రాగుబోతు ద్వారపాలకుని మాటలు మాత్రము వానికి అప్పగించెను. కీట్సు సైతము లండను యాసవాడే యనియు, 1818లో విమర్శకులు వానిని 'కాక్నీ' యని యెగతాళి చేసిరనియు ఆ యుపాధ్యాయుడు మరచెను గాబోలు. ఇట్టి నవ్వు మన యెడలను లేకపోలేదు. హోసూరు, మధుర, బరంపురము ప్రాంతముల పిల్లలు నోరు విప్పినంతనే "ఇదేమి తెలుగు?" అని నవ్వువారు పరాయివారు గారు, తెలుగువారే.

హారిసన్ సమాధానము పాండిత్యముతోనే చెప్పెను. లీడ్స్ విశ్వవిద్యాలయమున గ్రీకు, లాటిను భాషల నభ్యసించెను. 1978లో వెలువడిన 'స్కూల్ ఆఫ్ ఎలొక్వెన్స్' పద్యములలో యాసను వాడెను గాని ఛందస్సును వదలలేదు. సానెట్టునకు పదునాలుగు పాదములు వాడుక. ఇతడు 1862లో మెరిడిత్ అనుసరించిన పదునారు పాదముల రూపమును గైకొని, అంత్యప్రాసల నడుమ అమ్మానాన్నల మాటలనే కూర్చెను. యాసలో వ్రాయుటయనగా కట్టు సడలించుటయని తలచు మన యువకవు లిది గమనింపవలెను.

అయినను చదువు కొడుకును పైకి తెచ్చిన కొలది ఇంటికి దూరము చేసెను. తల్లి హఠాత్తుగా మరణించిననాడు, ఆమె చేసియుంచిన పిండివంటను నములుచు తండ్రీకొడుకులు మాటలు లేక కూర్చుండుట ఒక పద్యమున గలదు. కొడుకు చదివిన చదువే వారి నడుమ గోడ. మరియొక పద్యమున, భార్య పోయి రెండేండ్లయినను ఆ తండ్రి ఆమె చెప్పులను కుంపటి చెంత వెచ్చబెట్టుచు, ఆమె ప్రయాణపు పాసునకు గడువు పొడిగించుచుండును. ఈ పద్యములే నాకు మిగిలినవాటికంటె మిన్నగా తోచును.

1985లో ప్రకటించిన 'వి.' అను దీర్ఘకావ్యము గనికార్మికుల సమ్మెనాటిది. తలిదండ్రుల సమాధిపై ఆకతాయిలు రంగుతో బూతులు వ్రాసిరి. కవి ఒక నిరుద్యోగ యువకునితో వాదమునకు దిగి, తుదకు వాడు తానే యని గుర్తించును. 1751 నాటి గ్రే స్మశానగీతపు ఛందముననే ఆ బూతులు పొదుగబడినవి. 1987లో టెలివిజనున ప్రసారము చేయబూనగా పత్రికలు, కొందరు పార్లమెంటు సభ్యులు మండిపడిరి, ప్రసారము ఆగలేదు. తరగతిలో చెప్పదగినది కాదు; ఉపాధ్యాయులు మాత్రము చదువవలెను.

రంగస్థలమునకును ఆ నుడినే తెచ్చెను. యార్క్, వేక్‌ఫీల్డు పట్టణముల పాత బైబిలు నాటకములను ఉత్తరదేశపు యాసలోనే తిరిగి వ్రాయగా, లండను నేషనల్ థియేటరువారు ప్రదర్శించిరి. ఆ నాటకత్రయము 1985లో సంపూర్ణమయ్యెను. అందు దేవుడును ఆ యాసలోనే మాటాడెను.