బులెటిన్‌లో కేసులు, రక్తంలో ఆనవాళ్లు

2020లో కరోనా వార్తలపై తెలుగు ప్రజల్లో అనుమానం రెండు దిక్కులా పెరిగింది. టీవీ ఛానెళ్లు లేని భయం పుట్టిస్తున్నాయని కొందరు, ప్రభుత్వ బులెటిన్లు ఉన్న జబ్బును తగ్గించి చూపుతున్నాయని మరికొందరు నమ్మారు. ఈ రెండు అనుమానాలకూ చాలావరకు మూలం ఒక్కటే: ‘నమోదైన కేసు’ అంటే వైరస్ సోకిన ప్రతి మనిషీ కాదు, పరీక్ష జరిగి పాజిటివ్‌గా తేలిన మనిషి మాత్రమే.

ఆ ఏడాది ఏప్రిల్‌లో, కూరగాయల మార్కెట్‌తో ముడిపడిన కేసులు పెరిగి జిల్లా లెక్క 80 దాటడంతో సూర్యాపేట పేరు తెలంగాణ రాష్ట్రమంతటా మారుమోగింది. పాజిటివ్ వచ్చినవారిని కలిసిన వారందరినీ వెతికి పరీక్షిస్తే కేసుల సంఖ్య పెరుగుతుంది, పరీక్షలు తగ్గిస్తే వ్యాప్తి తగ్గకపోయినా అది పడిపోతుంది. కాబట్టి ఎన్ని పరీక్షలు చేశారో చెప్పని కేసుల సంఖ్య ఆ జిల్లాలోని మోతెలోనో కోదాడలోనో పత్రిక తెరిచిన పాఠకుడికి ముప్పు ఎంతో చెప్పలేదు. పరీక్షలు చాలడం లేదనీ, బులెటిన్లలో పూర్తి వివరాలు లేవనీ తెలంగాణ హైకోర్టు కూడా ప్రభుత్వాన్ని మందలించింది గనుక, జనం సందేహాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం.

అసలు వ్యాప్తిని అంచనా వేయడానికి శాస్త్రజ్ఞులు సీరో సర్వే చేస్తారు. వైరస్ సోకితే శరీరం దానిని ఎదుర్కొనే యాంటీబాడీలనే ప్రోటీన్లను తయారుచేస్తుంది, అవి జబ్బు తగ్గాక కూడా కొన్ని నెలలు రక్తంలో నిలుస్తాయి కనుక, లక్షణాలు లేనివారితో సహా ఎంపిక చేసిన ఊళ్లలో రక్త నమూనాలు తీసి వాటి జాడ చూస్తారు. భారత వైద్య పరిశోధన మండలి తరఫున హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాల్లో ఈ సర్వే జరిపింది. యాంటీబాడీలున్నవారు 2020 మేలో 0.33 శాతం, ఆగస్టులో 12.5 శాతం, డిసెంబరులో 24.1 శాతంగా తేలారు. ఆ డిసెంబరు నాటికి రాష్ట్రంలో నమోదైన కేసులు 3 లక్షలలోపే, అంటే జనాభాలో ఒక శాతం కూడా కాదు. మూడు జిల్లాల సగటును రాష్ట్రమంతటికీ అంటగట్టకూడదు, అయినా ఇంతటి అంతరం పొరపాటున వచ్చేది కాదు.

మరణాల రేటులోనూ ఇదే చిక్కు ఉంది: అవే మరణాలను నమోదైన కేసులతో భాగిస్తే జబ్బు మహా భయంకరంగానూ, సోకినవారందరితో భాగిస్తే అంతకంటే చాలా తక్కువగానూ కనిపిస్తుంది, పైగా లెక్కకెక్కని మరణాలు రెండు రేట్లనూ తగ్గించి చూపుతాయి. సీరో సర్వే అంకెలనూ జాగ్రత్తగానే చదవాలి: 2021 జూన్ సర్వేలో యాంటీబాడీలున్నవారు 60.1 శాతానికి చేరారు, అయితే ఆ ఏడాది జనవరిలోనే టీకాలు మొదలయ్యాయి, టీకా వేయించుకున్నవారిలోనూ యాంటీబాడీలు పుడతాయి కాబట్టి, ఆ అంకెను నూటికి అరవై మందికి కరోనా సోకిందని చదవడం తప్పవుతుంది.