కొండ దారిలో ఒక తల్లి పరుగు

మారథాన్ అనే మాట ఇప్పుడు మనకు కొత్తది కాదు. హైదరాబాదు వీధుల్లో, విశాఖ సముద్ర తీరంలో తెల్లవారుజామునే వందలాది మంది పరుగెత్తడం మనలో చాలామంది చూచే ఉంటారు. 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరం అది. అంటే విజయవాడ నుండి గుంటూరుకు మించిన దూరం. అంత దూరం తారు రోడ్డు మీద పరుగెత్తడమే గొప్ప అనుకుంటే, అదే దూరాన్ని రాళ్ళు, వేర్లు, వాగులు, ఎగుడు దిగుళ్ళు ఉన్న కొండ కాలిబాట మీద పరుగెత్తే వారు కూడా ఉన్నారు. దానినే ట్రెయిల్ మారథాన్ అంటారు.

ఇటువంటి పరుగును జీవితంలో మొదటిసారి చేయాలనుకునే వారికి ఏమి కావాలి? బలమా? వయసా? ఖరీదైన బూట్లా? ఈ ప్రశ్నకు జవాబుగా మేము ఒక కొండను, ఆ కొండ మీద పరుగెత్తిన ఒక తల్లిని మీకు పరిచయం చేయగోరుతున్నాము.

పైక్స్ పీక్ అనే కొండ

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పైక్స్ పీక్ అనే పర్వతం ఉంది. దాని ఎత్తు 14,115 అడుగులు. జెబులన్ పైక్ అనే సైనికాధికారి పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. విచిత్రమేమంటే, 1806లో ఆ కొండను ఎక్కాలని ప్రయత్నించిన పైక్ మంచు వలన, చలి వలన శిఖరాన్ని చేరలేక వెనుదిరిగాడు. అతడు చేరలేని ఆ శిఖరానికి 1858లో జూలియా ఆర్చిబాల్డ్ హోమ్స్ అనే ఇరవై ఏళ్ళ యువతి తన భర్తతో కలిసి చేరుకున్నది. పొడవాటి గౌన్లు తప్ప మరేమీ ధరించకూడదన్న ఆ రోజుల్లో ఆమె నడకకు అనువైన పొట్టి దుస్తులు ధరించి ఎక్కింది. 1893లో కాథరిన్ లీ బేట్స్ అనే ఉపాధ్యాయిని ఆ శిఖరం మీద నుండి చూచిన దృశ్యమే, అమెరికాలోని సంఘాల్లో సైతం నేటికీ పాడే 'అమెరికా ది బ్యూటిఫుల్' అనే గీతానికి ప్రేరణ అయ్యింది.

ఈ కొండ మీద మారథాన్ పుట్టిన కథ కూడా వినదగినదే. 1956లో, పైక్ ప్రయాణానికి 150 ఏళ్ళు నిండిన సందర్భంలో, ఫ్లోరిడాలో ఉండే ఆర్నె సువోమినెన్ అనే వైద్యుడు ఒక సవాలు విసిరాడు. ఫిన్లాండు దేశస్థుడైన ఆయన ఒకప్పుడు మారథాన్ పరుగులో పేరు పొందినవాడు, పొగాకుకు గట్టి విరోధి. పొగ త్రాగేవారు, త్రాగనివారు కలిసి ఈ కొండ ఎక్కి దిగాలి, ఎవరు నిలుస్తారో చూద్దాం అన్నాడు. సిగరెట్టు ప్రకటనలు పత్రికల నిండా ఉన్న రోజులవి. ఆ పందెంలో పొగ త్రాగేవారు ముగ్గురు పాల్గొన్నారు. వారిలో ఒక్కరు కూడా చివరి వరకు పూర్తి చేయలేకపోయారు. అలా మొదలైన పందెం పైక్స్ పీక్ మారథాన్‌గా ఏటేటా కొనసాగుతూ వచ్చింది.

దారి ఎలా ఉంటుంది?

కొండ పాదాన ఉన్న మానిటూ స్ప్రింగ్స్ అనే చిన్న పట్టణంలో పరుగు మొదలవుతుంది. అక్కడి ఎత్తే 6,300 అడుగులు. అక్కడి నుండి బార్ ట్రెయిల్ అనే కాలిబాట వెంట శిఖరానికి చేరి, అదే దారిన తిరిగి దిగాలి. పైకి ఎక్కవలసిన ఎత్తు సుమారు 7,800 అడుగులు. మన చిత్తూరు ప్రాంతపు హార్స్‌లీ హిల్స్ సముద్ర మట్టానికి సుమారు 4,000 అడుగుల ఎత్తున ఉన్నాయి. దానికి దాదాపు రెట్టింపు ఎత్తును ఒకే పూట ఎక్కి దిగడం అన్నమాట.

సుమారు 12,000 అడుగుల ఎత్తు దాటిన తరువాత చెట్లు కూడా మొలవవు. ఆ పైన మిగిలేది రాయి, గాలి, ఎండ. శిఖరం దగ్గర గాలి ఎంత పలుచనిదంటే, సముద్ర తీరాన ఒక ఊపిరిలో అందే ప్రాణవాయువులో సుమారు 60 శాతం మాత్రమే అక్కడ అందుతుంది. అందుచేత ఎంతటి బలవంతుడైనా పైభాగంలో నడకకు దిగవలసిందే. వేసవి మధ్యాహ్నాల్లో ఉన్నట్టుండి ఉరుములు, పిడుగులు, వడగండ్లు వస్తాయి. గనుక ఉదయమే బయలుదేరి, వాతావరణం మారకముందే శిఖరం చేరి దిగడం క్షేమం.

1959లో ఆ తల్లి

ఆర్లీన్ పైపర్ అనే ఇరవై తొమ్మిదేళ్ళ స్త్రీ, ముగ్గురు బిడ్డల తల్లి, 1959 ఆగస్టులో ఈ పరుగుకు వచ్చింది. ఆమె, ఆమె భర్త కలిసి ఒక వ్యాయామశాల నడుపుకునేవారు. ఈ కొండ పరుగులో పాల్గొంటే తమ వ్యాయామశాల నలుగురికీ తెలుస్తుందన్నది ఆమె ఆలోచన. చరిత్ర సృష్టించాలన్న ఉద్దేశ్యం ఆమెకు లేదు. స్త్రీల కొరకు పరుగు బూట్లు తయారు చేసే రోజులు కావవి. చవక దుకాణంలో కొన్న మామూలు తెల్లని గుడ్డ బూట్లే ఆమె తొడుక్కున్నది.

ఆమెతో పాటు భర్త, తొమ్మిదేళ్ళ కూతురు కూడా బయలుదేరారు. ఆ చిన్న పిల్ల శిఖరం వరకు ఎక్కింది. ఆర్లీన్ శిఖరం చేరి, తిరిగి దిగి, 9 గంటల 16 నిమిషాల్లో పరుగు ముగించింది. ఆమె కాలి గోళ్ళు ఊడిపోయాయి. ఇంటికి వెళ్ళి తన పనుల్లో తాను పడిపోయింది. ఆ రోజు తాను చేసినది ఏమిటో ఆమెకే తెలియదు. అమెరికా దేశంలో మారథాన్‌ను అధికారికంగా పూర్తి చేసిన మొదటి స్త్రీ ఆమే.

ఆ సంగతి ఆమెకు చెప్పేవారు లేక యాభై ఏళ్ళు గడిచిపోయాయి. 2009లో పందెం నిర్వాహకులు ఆమె కోసం వెతికారు. కాలిఫోర్నియాలో ఉన్న ఆమెను కనుగొని, ఆ సంవత్సరపు పరుగును ప్రారంభించడానికి పిలిచారు. అప్పటికి ఆమె వయస్సు 79 సంవత్సరాలు. 2021 ఫిబ్రవరిలో, తొంభై ఏళ్ళ వయస్సులో ఆమె కన్నుమూసింది.

"ఆడవారి వల్ల కాదు" అన్న రోజులు

ఆమె పరుగు విలువ తెలియాలంటే ఆ కాలపు లోకం ఏమనేదో తెలియాలి. 1928 ఒలింపిక్స్‌లో స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తిన తరువాత, వారు సొమ్మసిల్లిపోయారని పత్రికలు గోల చేయడంతో ఆ పందెం 1960 వరకు స్త్రీలకు లేకుండా పోయింది. స్త్రీ శరీరం దూరపు పరుగుకు తగదని పెద్ద పెద్ద వారే నమ్మేవారు. 1966లో బాబీ గిబ్ అనే యువతి బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తడానికి అనుమతి కోరితే, స్త్రీల దేహానికి అది సాధ్యం కాదని జవాబు వచ్చింది. ఆమె ప్రారంభ స్థలం దగ్గర పొదల్లో దాగి ఉండి, పందెం మొదలయ్యాక గుంపులో కలిసి పరుగు పూర్తి చేసింది. మరుసటి సంవత్సరం కాథరిన్ స్విట్జర్ తన పేరును పొడి అక్షరాలతో నమోదు చేసుకొని పరుగెత్తుతుంటే, ఒక అధికారి దారి మధ్యలో ఆమె మీదికి వచ్చి నంబరు చీటీని లాగివేయబోయాడు. 1972లో గాని బోస్టన్‌లో స్త్రీలకు అధికారికంగా చోటు దొరకలేదు. 1984లో గాని ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ మొదలు కాలేదు.

అంటే, ఆడవారి వల్ల కాదని చదునైన రోడ్డు మీద వాదన జరగడానికి ఏడేళ్ళ ముందే, పద్నాలుగు వేల అడుగుల కొండను ఎక్కి దిగి ఒక తల్లి ఆ పని చేసి చూపించింది. వాదించలేదు, ముగించింది.

మరొక లెక్క చూడండి. 1993లో మాట్ కార్పెంటర్ అనే పరుగు వీరుడు ఇదే పైక్స్ పీక్ మారథాన్‌ను 3 గంటల 16 నిమిషాల 39 సెకన్లలో పూర్తి చేశాడు. ఆర్లీన్ కంటే దాదాపు ఆరు గంటలు ముందు. అయినా ఆమె 9 గంటల 16 నిమిషాలు చరిత్రలో నిలిచే ఉన్నాయి. కొండ దారిలో మొదటి పరుగు చేసేవారు జ్ఞాపకం ఉంచుకోవలసినది ఇదే. ఎవరికంటే ముందు వచ్చామన్నది కాదు, క్షేమంగా ముగించామా అన్నదే అక్కడ లెక్క.

మొదటిసారి పరుగెత్తేవారు ఎలా సిద్ధపడాలి?

మన యువతీ యువకుల్లో, నడివయస్సు వారిలో కూడా కొండ పరుగుల మీద ఆసక్తి కలుగుతున్నది గనుక, కొన్ని సంగతులు క్లుప్తంగా చెబుతాము.

మొదటిది, వైద్య పరీక్ష. నలభై దాటిన వారు, షుగరు, బి.పి., గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టరాదు.

రెండవది, ఓపిక. ఏ అలవాటూ లేనివారు ముందు రోజూ అరగంట నడకతో మొదలుపెట్టాలి. తరువాత కొంత నడక, కొంత పరుగు. వారానికి ఒక రోజు మాత్రం మిగతా రోజులకంటే ఎక్కువ దూరం వెళ్ళాలి. ఆ దూరాన్ని నెల నెలా కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. మారథాన్ దూరానికి రావడానికి ఒక సంవత్సరం పట్టినా తొందర పడనవసరం లేదు.

మూడవది, ఎక్కడం. నిటారు ఎక్కుడులో నడవడం ఓటమి కాదు. అనుభవం గలవారు కూడా చేతులు మోకాళ్ళ పైన తొడల మీద ఆనించి, చిన్న చిన్న అడుగులతో నడుస్తారు. ప్రక్కనున్న వారితో రెండు మాటలు మాట్లాడగలిగినంత వేగమే మంచి వేగం.

నాల్గవది, దిగడం. ఎక్కడమే కష్టమని అందరూ అనుకుంటారు గాని, తొడ కండరాలను ఎక్కువగా నొప్పించేది దిగుడే. దిగేటప్పుడు ప్రతి అడుగులోను కండరం సాగుతూనే బరువును ఆపవలసి వస్తుంది. అందుకే రెండు మూడు రోజుల వరకు మెట్లు దిగడం కూడా కష్టమవుతుంది. వెనక్కి వాలిపోకుండా, పొట్టి అడుగులు వేస్తూ, పాదాల వైపు కాక కొన్ని అడుగుల ముందుకు చూస్తూ దిగాలి. గోళ్ళు కత్తిరించుకొని, వేళ్ళ ముందు కాస్త ఖాళీ ఉండి, అడుగున పట్టు గల బూట్లు వేసుకోవాలి.

ఐదవది, నీరు, ఆహారం. దాహాన్ని బట్టి త్రాగాలి. ఉప్పు లేని నీరే గంటల తరబడి అతిగా త్రాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణానికే ముప్పు రావచ్చు. ఉప్పు వేసిన మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. వంటివి మేలు. అరటిపండు, ఖర్జూరం, వేరుశనగ చిక్కీ దగ్గర ఉంచుకోవాలి. పందెం రోజున కొత్త తిండి ఏదీ ప్రయత్నించకూడదు.

చివరిది, తోడు. అడవి దారిలో ఒంటరిగా సాధన చేయవద్దు. మన తూర్పు కనుమల్లో, నల్లమలలో అటవీ శాఖ అనుమతి లేని చోట్లకు వెళ్ళవద్దు. పాములు, ఎలుగుబంట్లు ఉన్న సంగతి మరువవద్దు. ఎత్తైన కొండల మీద తలనొప్పి, వాంతులు, మాట తడబడడం కనిపిస్తే మందు కోసం వెదకక వెంటనే దిగిపోవాలి. శిఖరం ఎక్కడికీ పోదు. మరో సంవత్సరం మళ్ళీ రావచ్చు. దారిలో పడిపోయిన వారు కనబడితే మన సమయం పోయినా ఆగవలసిందే.

మన ఇంట్లో ఎవరు నడుస్తున్నారు?

కుటుంబాలను దర్శించేటప్పుడు మేము తరచుగా వినే మాట ఒకటుంది. "అయ్యగారూ, మా ఆయనకు డాక్టరు నడవమన్నాడండి, రోజూ పంపిస్తున్నాను" అంటుంది ఇల్లాలు. "మరి నీవో అమ్మా?" అని అడిగితే, "నాకెక్కడ తీరుతుందండీ, తెల్లారి లేస్తే వంట, పిల్లల క్యారేజీలు" అని నవ్వేస్తుంది. మోకాళ్ళ నొప్పులు, షుగరు, రక్తహీనత అనే మాటలు ఆ తరువాత మెల్లగా బయటికి వస్తాయి. ఆమెను ఎవరూ ఆపలేదు. కాని ఆమె వెళ్ళేలా ఎవరూ ఏర్పాటూ చేయలేదు.

ఆర్లీన్ పైపర్ కథలో మాకు నచ్చినది ఆమె పరుగు ఒక్కటే కాదు. ఆ ఉదయం ఆమె భర్త ఇంటి దగ్గర కూర్చొని కాఫీ కోసం ఎదురు చూడలేదు, తానూ కొండ ఎక్కాడు. ఆమె కూతురు తల్లిని ఆ కొండ మీద చూస్తూ ఎక్కింది. తొమ్మిదేళ్ళ ఆ పిల్లకు స్త్రీ వల్ల అవుతుందా కాదా అన్న ప్రశ్న పుట్టే అవకాశమే లేదు.

మనందరమూ మారథాన్లు పరుగెత్తనక్కర లేదు. పద్నాలుగు వేల అడుగుల కొండలు మన ప్రాంతంలో లేవు కూడా. కాని ఊరి చెరువు కట్ట ఉంది, స్కూలు మైదానం ఉంది, ఊరి బయట చిన్న గుట్ట ఉంది. భర్తలారా, వారంలో మూడు ఉదయాలు పొయ్యి దగ్గర పని మీరు చూచుకొని, ఆమెను అరగంట బయటికి పంపగలరా? పెద్ద పిల్లలారా, మీ క్యారేజీ మీరు సర్దుకొని, అమ్మతో కలిసి నడవగలరా? అత్తగార్లారా, కోడలు బూట్లు వేసుకొని గుమ్మం దాటితే, ఇరుగు పొరుగు ఏమంటారోనని చూడక, "వెళ్ళి రామ్మా" అనగలరా?

ఈ వారమే ఒక ఉదయాన్ని నిర్ణయించుకోండి. ఎంత దూరం అన్నది తరువాత చూద్దాము. ముందుగా ఆమె బయలుదేరాలి.