నిస్సాన్ జీటీ-ఆర్ ఇంజిన్: 570 హార్స్‌పవర్ కన్నా పెద్ద స్పెక్ దాని కూలింగ్

ఫోన్ రివ్యూ చేసేటప్పుడు మొదటిసారి వచ్చిన బెంచ్‌మార్క్ స్కోర్‌ని నేను పెద్దగా పట్టించుకోను. అదే టెస్ట్‌ని వరసగా ఇరవై సార్లు నడిపి, చివర్లో ఎంత వస్తోందో చూస్తాను. వేడెక్కాక కూడా నిలబడేదే అసలు స్పీడ్. ఈసారి అదే లెక్కతో ఒక సూపర్‌కార్ ఇంజిన్‌ని చూద్దాం. నిస్సాన్ జీటీ-ఆర్ ఆర్35, దాని లోపలి వీఆర్38డీఈటీటీ.

గ్రాన్ టురిస్మో ఆడినవాళ్లకి ఈ కార్ పరిచయం అక్కర్లేదు. మొదటి ఐఫోన్ వచ్చిన 2007లోనే ఇదీ టోక్యో మోటార్ షోలో బయటికొచ్చింది. 2016 డిసెంబర్‌లో మన దేశంలోనూ లాంచ్ చేశారు, ఢిల్లీ ఎక్స్-షోరూమ్ ధర 1.99 కోట్లు. 2025 ఆగస్టులో తొచిగి ప్లాంట్ నుంచి చివరి కారు వెళ్లిపోయింది. 18 ఏళ్లలో తయారైనవి సుమారు 48,000. అంటే ఇక కొత్తది దొరకదు, ఉన్నవాటిని కాపాడుకోవాల్సిందే. ఆ కాపాడుకోవడం ఎలాగో తెలియాలంటే ముందు డిజైన్ అర్థం కావాలి.

సైజు చూస్తే 3,799 సీసీ, ఆరు సిలిండర్లు, వీ ఆకారం. ఇందులో విపరీతం ఏమీ లేదు. తేడా అంతా రెండు టర్బోలది. టర్బో అంటే ఒకే షాఫ్ట్‌కి రెండు చివర్లా రెండు చిన్న చక్రాలు. సైలెన్సర్ వైపు పోయే వేడి గ్యాస్ ఒకదాన్ని తిప్పితే, రెండోది బయటి గాలిని కుదించి ఇంజిన్‌లోకి తోస్తుంది. ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోల్, ఎక్కువ పవర్. ఆ షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఒక్క పెద్ద టర్బో పెడితే అది స్పీడ్ అందుకోడానికి టైమ్ పడుతుంది, యాక్సిలరేటర్ నొక్కాక ల్యాగ్ తెలుస్తుంది. అందుకే మూడేసి సిలిండర్లకి ఒక చిన్న టర్బో. పైగా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌నీ టర్బో హౌసింగ్‌నీ కలిపి ఒకే ముక్కగా చేశారు. గ్యాస్ ప్రయాణించే దూరం తగ్గింది, రెస్పాన్స్ పెరిగింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కు ఏంటంటే, గాలిని కుదిస్తే అది వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టేటప్పుడు కింది భాగం పట్టుకుంటే తెలుస్తుంది. వేడి గాలి సిలిండర్‌లోకి వెళ్తే పెట్రోల్ సరైన క్షణానికి ముందే తనంతట తానే అంటుకునే ప్రమాదం ఉంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. పిస్టన్‌ని సుత్తితో కొట్టినట్టే. అది పసిగట్టగానే ఈసీయూ స్పార్క్ టైమింగ్‌ని వెనక్కి జరిపి పవర్ తగ్గిస్తుంది. గేమ్ ఆడుతుంటే మన ఫోన్ ఫ్రేమ్ రేట్ పడేస్తుందే, అచ్చం అలాగే. థర్మల్ థ్రాట్లింగ్!

అందుకే కార్ ముందు భాగంలో కుదించిన గాలిని చల్లబరచే ఇంటర్‌కూలర్లు ఉంటాయి. మన ఎండాకాలంలో వాటికి చేతినిండా పని. పెట్రోల్ ఆక్టేన్ కూడా అందుకే ముఖ్యం. నాకింగ్‌ని ఎంత తట్టుకోగలదో చెప్పే నంబర్ అది.

నాకు ఈ ఇంజిన్‌లో అన్నిటికన్నా నచ్చింది మాత్రం సిలిండర్ గోడ. అల్యూమినియం బ్లాక్ తేలిక, కానీ పిస్టన్ రాపిడికి నేరుగా ఆగదు. అందుకని మామూలుగా లోపల ఇనుప గొట్టం, అంటే లైనర్, బిగిస్తారు. జీటీ-ఆర్‌లో లైనర్ తీసేసి, కరిగించిన ఇనుమును ప్లాస్మాతో గోడ మీద స్ప్రే చేశారు. పూత మందం 0.15 మిల్లీమీటర్లు. ఫోన్‌కి వేసే టెంపర్డ్ గ్లాస్ కన్నా పల్చన! బరువు తగ్గడం ఒక లాభం. అసలు లాభం, లోపలి వేడి కూలెంట్‌లోకి త్వరగా పోవడం. వేపర్ చాంబర్ గురించి గొప్పగా చెప్పుకునే ఫోన్ కంపెనీలు ఈ పని చూడాలి.

ఇవన్నీ బిగించింది యోకోహామా ప్లాంట్‌లో టకుమీ అని పిలిచే నిపుణులు. ఒక ఇంజిన్‌కి ఒకే మనిషి, క్లీన్ రూమ్‌లో, చేత్తో. ఇన్నేళ్లలో ఆ టీమ్ మొత్తం తొమ్మిది మందే. ఆ బ్లాక్ డిజైన్‌తోనే 480 పీఎస్ నుంచి మొదలుపెట్టి 570కి, నిస్మో మోడల్‌లో 600కి తీసుకెళ్లారు. నా లెక్కలో అసలు బెంచ్‌మార్క్ అదే.

ఇక మెయింటెనెన్స్. ఇందులో సగం ఆయిలే. టర్బో షాఫ్ట్ పల్చటి ఆయిల్ పొర మీదే తేలుతూ తిరుగుతుంది. కంపెనీ చెప్పింది ఫుల్లీ సింథటిక్ 0డబ్ల్యూ-40. చల్లగా ఉన్నప్పుడు పల్చగా పారి త్వరగా టర్బో దాకా చేరాలి, మరిగే వేడిలోనూ పొర తెగకూడదు. అందుకే ఆ గ్రేడ్. "ఏదైనా ఒకటే భయ్యా" అనే మెకానిక్ దగ్గర ఈ బండి పెట్టకండి. స్టార్ట్ చేయగానే తొక్కకూడదు. గట్టిగా నడిపాక చివరి కొన్ని నిమిషాలు నెమ్మదిగా వచ్చి ఆపాలి. ఇంజిన్ ఆగితే ఆయిల్ ప్రవాహం ఆగుతుంది, ఎర్రగా కాలిన టర్బోలో మిగిలిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది. మూకుడులో నూనె మాడితే అడుగున పట్టే జిడ్డు లాంటిదే అది, కాకపోతే ఇక్కడ తోమడానికి కుదరదు.

వీటికి డేటా కూడా కార్ ఇస్తుంది. గ్రాన్ టురిస్మో చేసిన పాలిఫొనీ డిజిటల్ ఈ కార్ స్క్రీన్ గ్రాఫిక్స్‌లో చెయ్యి వేసింది. బూస్ట్, ఆయిల్ టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్, గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ అన్నీ లైవ్‌లో కనిపిస్తాయి. షో కోసం అనుకుంటారు చాలామంది. కాదు, నడిపేవాడు నిజంగా చూడాల్సిన నంబర్లు అవి.

ట్యూనింగ్ గురించి ఒక మాట. ల్యాప్‌టాప్ పెట్టి బూస్ట్ పెంచడం తేలికే, ఓవర్‌క్లాకింగ్ లాంటిదే. ఇదే ఇంజిన్‌ని వెయ్యి హార్స్‌పవర్ దాటించినవాళ్లు ఉన్నారు. కానీ వాళ్లు కనెక్టింగ్ రాడ్లు, పిస్టన్లు, ఫ్యూయల్ సిస్టమ్, కూలింగ్ అన్నీ మార్చారు. సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చి వీడియో పెట్టేవాళ్ల మాట నేనైతే నమ్మను.

సెకండ్ హ్యాండ్ ఆర్35 చూడ్డానికి వెళ్లే అదృష్టం మీలో ఎవరికైనా పడితే, పెయింట్ తర్వాత చూడండి. ముందు సర్వీస్ రికార్డు అడగండి: ఇంజిన్ ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారు, వెనక చక్రాల దగ్గరుండే గేర్‌బాక్స్‌కి ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఈసీయూని ఎవరైనా ముట్టుకున్నారా. కోల్డ్ స్టార్ట్ మీ ముందే చేయమనండి. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే, ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయండి.