తాతగారి తుపాకి

చిత్తూరు సీమలో అడవి అంచున నున్న పల్లెలందు, కొన్ని పాత యిండ్లలో నడుమింటి గోడకు రెండు కొయ్యమేకులు, వానిపై పొడవైన గొట్టపు తుపాకి యొకటి కానవచ్చును. ఏటేట ఆయుధపూజనాడు దానిని దింపి, తుడిచి, పసుపు కుంకుమ లద్ది, మరల మేకుల కెక్కింతురు. నేనెరిగిన ఒక యింట ఇట్లు మూడు తరములు గడచినవి. మనుమనికి దానిని ఒకమారు కాల్చి చూడవలెనని ముచ్చట పుట్టినది. లైసెన్సు గల మరమ్మతుదారునకు చూపగా తేలిన సంగతి యిది: తాతగారు ఏనాడో దట్టించిన మందును గుండును లోపల అట్లే యున్నవి. ఇన్నేండ్లుగా ఆ యింటి పిల్లలు బొట్టు పెట్టుచున్నది నిండు తుపాకికి!

వంశపారంపర్యముగా వచ్చిన మూతి తుపాకిని, అనగా మూతినుండి మందు కూరు తుపాకిని, మరల కాల్చుటకు సిద్ధపరుప గోరువారు మొట్టమొదట గ్రహింపవలసినది ఈ ఒక్క విషయమే. లోపల ఏమియు లేదని కంటితో రుజువు చేసికొనునంతవరకు, అది నిండియున్నదనియే భావింపవలయును. నల్లమందు సూరేకారము, గంధకము, బొగ్గు కలిసిన మిశ్రమము. తేమ తగులకున్నచో దశాబ్దములు గడచినను దాని శక్తి తగ్గదు. తడిసినది సైతము ఆరిన పిదప మండవచ్చును.

ఇట్టి తుపాకులు మన సీమకు క్రొత్తవి కావు. 1801లో కర్ణాటక రాజ్యపాలన ఆర్కాటు నవాబునుండి ఇంగ్లీషు కుంపిణీ వశమైనపుడు చిత్తూరు పాళెములును దానితోపాటే పోయినవి. ఆ కాలపు తుపాకులలో కొన్నింటిని మండుచున్న వత్తితోను, కొన్నింటిని చెకుముకిరాతితోను కాల్చెడివారు. 1807లో స్కాట్లండు దేశపు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సైత్, దెబ్బ తగిలినంతనే మండు రసాయనముతో తుపాకి కాల్చు పద్ధతికి పేటెంటు పొందెను. దానినుండియే పిమ్మట రాగి టోపీ పుట్టినది. నేడు ఇండ్లలో మిగిలినవానిలో పెక్కు ఈ టోపీ తుపాకులే. మీ తుపాకి గొట్టములో మెలిదిరిగిన గాళ్ళు ఉన్నచో అది రైఫిలు; నున్నగా ఉన్నచో సాధారణ తుపాకి. 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు గొట్టము 39 అంగుళముల పొడవు, రంధ్రము 0.577 అంగుళము, లోపల మూడు గాళ్ళు. ఆ గాళ్ళు గుండును బొంగరమువలె త్రిప్పి సూటిగా పంపును. అవి తుప్పుతో పూడిపోయినచో రైఫిలు గుణము పోయినట్లే.

తుపాకిని ముట్టుటకు ముందు చట్టమును చూడవలయును. 1959 నాటి ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1నుండి అమలులోనికి వచ్చినది. లైసెన్సుదారు మరణించినపుడు అతని లైసెన్సు కుమారునకు ఆస్తివలె సంక్రమింపదు. వారసులు అనవసరముగ జాగుచేయక, ఆయుధమును సమీప పోలీసు స్టేషనునందో, నియమముల ననుసరించి లైసెన్సు గల వ్యాపారి యొద్దనో అప్పగించి, తమ పేర లైసెన్సుకు దరఖాస్తు చేసికొనవలయును. 2016 నాటి నియమములలో వారసుల కొరకు ప్రత్యేకమైన ఏర్పాటు కలదు. పైరు కాపుదలకై మూతి తుపాకి కోరువారిని గూర్చియు చట్టము విడిగా పేర్కొన్నది. మరమ్మతు చేసినను కాల్చుటకు పనికిరాని పురాతన ఆయుధములకు కొంత మినహాయింపు కలదు. కాని ‘ఇది పాతది గదా’ యని మనకు మనమే తీర్పు చెప్పుకొనరాదు. మరియొక మాట: తుపాకి లైసెన్సు వేట లైసెన్సు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అడవిపంది సైతము రక్షణ పొందినదే. శేషాచలము దాపునను, కౌండిన్య అభయారణ్యము అంచునను వేరుసెనగ పండించు రైతు పంది బాధచే ఎంత విసిగినను, అధికారుల అనుమతి లేక కాల్చుట నేరము.

ఇక పరీక్ష. ముందుగా గుర్రము క్రింది ఉక్కు ముక్కుపై టోపీ యున్నదేమో చూడవలయును. ఉన్నచో తుపాకిని కదలింపక తెలిసినవారిని పిలువవలయును. లేనిచో, మూతిని మనుష్యులు లేని దిక్కునకు త్రిప్పి, సన్నని కొయ్యకడ్డీని మెల్లగా అడుగుదాక దింపి, మూతియొద్ద కడ్డీపై సున్నముతో గీత గీయవలయును. ముఖమును గాని అరచేతిని గాని మూతికెదురుగా ఉంచరాదు. పిదప కడ్డీని తీసి, గీతను మూతికి సరిగా పెట్టి, గొట్టము వెలుపల ఆనించి చూడవలయును. కడ్డీ కొన దాదాపు చెవిరంధ్రమువరకు వచ్చినచో గొట్టము ఖాళీ. రెండు మూడంగుళములు తక్కువైనచో లోపల ఏదో యున్నది. అది మందు కావచ్చును, కందిరీగ గూడు కావచ్చును. ఏదియైనను ఇనుపకడ్డీతో పొడిచి, నిప్పుతో కాచి తీయబూనుట ప్రాణాపాయము. ఆ పని లైసెన్సు గల మరమ్మతుదారునిది.

గొట్టము ఖాళీయని తేలిన పిమ్మట అది కాల్చుటకు తగినదా యని చూడవలయును. పైకి మెరయు తుపాకి లోపల పుచ్చియుండవచ్చును. మందు పేలగా మిగులు మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినివేయును. అందులకే తరచుగా అడుగుభాగమే ముందు చెడును. పేలుడు ఒత్తిడి మిక్కుటముగా తగులునదియు అచ్చటనే. అడుగు మర వదులైనదా, ముక్కు అరిగినదా, గుర్రము సగము ఎత్తినచోట నిలుచునా లేక జారునా, మడమకొయ్యకు చెదలు పట్టినదా, ఇవి యన్నియు పరీక్షింపవలయును. ఇనుపపట్టీలను మెలివేసి అతికి చేసిన గొట్టములయందు అతుకుల నడుమ దాగిన తుప్పు కంటికి కనబడదు. వానిని కాల్చకుండుటయే మేలు. తుప్పు వదలించుటకు ఇసుక, ఆకురాయి వాడరాదు. నూనెలో నానబెట్టి, మెత్తని గుడ్డతో ఓపికగా తుడువవలయును. ముద్రలను, అక్షరములను చెరుపరాదు. తుపాకి చరిత్ర వానియందే కలదు.

నిపుణుడు తగినదని చెప్పినను తొలి దెబ్బ భుజమున ఆనించి కాల్చరాదు. అనుమతి గల తావున, తుపాకిని చట్రమునకు బిగించి, కొద్ది మందుతో, చాటున నిలిచి త్రాడుతో మీట లాగి పరీక్షింతురు. మందు విషయమున రెండు నిషేధములు గట్టిగా పాటింపవలయును. ఇంట నూరిన మందు వలదు; దాని బలము ఒకనాటివలె ఒకనాడుండదు. 1884లో ఫ్రాన్సునందు పాల్ వియె కనిపెట్టినది మొదలు వాడుకలోనికి వచ్చిన పొగలేని మందు అసలే వలదు. దాని ఒత్తిడికి పాత గొట్టము చీలిపోవును. గుండు మందును తాకునట్లు దిగవలయును. నడుమ ఎడమున్నచో గొట్టము ఉబ్బవచ్చును, పగులవచ్చును. కాల్చిన నాడే వేడినీటితో కడిగి, తడిలేకుండ ఆర్చి, నూనె పట్టింపవలయును. రేపటికి వాయిదా వేసినచో తుప్పు వాయిదా వేయదు.

ఇంత పరీక్ష చేసిన పిదప ‘ఇది కాల్చుటకు పనికిరాదు’ అని తేలవచ్చును. అది తాతగారికి చిన్నతనము కాదు. పై కథలోని మనుమనికి లభించిన సమాధానమును అదియే. మందు తీయించి, గొట్టము శుభ్రపరపించి, అధికారుల ఎదుట వ్రాతపని పూర్తిచేసికొని, అతడు దానిని మరల ఆ మేకులకే ఎక్కించెను. ఆ యేటి ఆయుధపూజనాడు పిల్లలు ఎప్పటివలెనే బొట్టు పెట్టిరి. ఈమారు మాత్రము గొట్టము ఖాళీగా ఉన్నదని ఇంటిల్లిపాదికిని తెలియును.