ధనమ్మాళ్ ఇంటి శుక్రవారం

మదరాసు జార్జిటౌనులో ఒక ఇల్లు. శుక్రవారం సాయంకాలానికి అక్కడ చేరేవారు చాల కొద్దిమంది. అది సభ కాదు. టిక్కెట్టు లేదు, మైకు లేదు. చూపు సన్నగిల్లిన ఒక వృద్ధురాలు వీణ మీటుతూ, దానితో పాటు మెల్లని గొంతుతో పాడేది. పేరుమోసిన విద్వాంసులు సైతం ఆ గదిలో ఊపిరి బిగబట్టి వినేవారు. ఆ వృద్ధురాలే వీణ ధనమ్మాళ్.

1867లో జన్మించి 1938లో కన్నుమూసిన ఆ తల్లిది తంజావూరు సంస్థానంతో పెనవేసుకొన్న వంశం. అమ్మమ్మ కామాక్షి ఆస్థాన నర్తకి. తల్లి సుందరమ్మాళ్ గాయని. శ్యామశాస్త్రి కుమారుడైన సుబ్బరాయశాస్త్రి నేర్పిన కృతులు ఆ ఇంటికి కట్నకానుకల కన్న మిన్న అయిన ఆస్తి. ఇతర కుటుంబాలలో తండ్రి ఇంటిపేరు నిలిస్తే, ఇక్కడ వంశమంతా తల్లి నుండి కూతురికి సాగినది. మనుమల పేర్లకు ముందు నేటికీ కనబడే పొడి అక్షరం ఏ తండ్రిదీ కాదు, తంజావూరిది.

తెలుగువారికి ఆమెతో గల ఋణానుబంధం వేరొకటి ఉన్నది. కృష్ణాతీరాన మువ్వ గ్రామానికి చెందిన క్షేత్రయ్య పదిహేడవ శతాబ్దిలో తంజావూరు నాయకరాజుల ఆదరం పొందినవాడు. ఆయన పదాలు తెలుగు పలుకులు. వాటిని ధనమ్మాళ్‌కు నేర్పినవాడు వాలాజాపేట బాలకృష్ణదాసు. ఆయన అంధుడు. పదాలలో ఆయనకు గల పాండిత్యాన్ని బట్టి లోకం ‘పదం బాల్‌దాసు’ అన్నది. చూపు లేని గురువు నుండి చెవిద్వారా అందుకొన్న ఆ పదాలను, తాను కూడా చూపు పోగొట్టుకొన్న పిదప, ఆమె మనుమరాండ్ర చెవిని వేసినది. పదం విలంబకాలంలో నడుస్తుంది. ఒక్క మాటను పదిమార్లు పలికితే నాయిక మనసు పది విధాల తెలియాలి. తొందరగలవారికి అది అబ్బే విద్య కాదు.

ఆ కాలం పదాలకు అనుకూలమైనదీ కాదు. కందుకూరి వీరేశలింగం మొదలుగా సంస్కర్తలు భోగంమేళాలను ఖండించారు. ఆ ఖండనలో న్యాయం లేకపోలేదు. ఆ వృత్తిలో స్త్రీలకు కలిగిన కష్టాలను కాదనగలవారెవరు? కాని మేళంతో పాటు పదమూ వెలి అయినది. చదువుకొన్న తెలుగు ఇండ్లలో క్షేత్రయ్య పేరెత్తడానికే సంకోచించారు. గోదావరి సీమలోని కళావంతుల కుటుంబాలు కొన్ని ఆ పదాలను కాపాడుకొన్నవి, వారినీ మరువరాదు. అదే సమయాన ఒక తమిళ కుటుంబం తన అమ్మమ్మ నోట విన్న తెలుగును అక్షరం జారకుండా నిలిపినది.

రాజలక్ష్మి, లక్ష్మీరత్నం, జయమ్మాళ్, కామాక్షి అని ధనమ్మాళ్‌కు నలుగురు కుమార్తెలు. కామాక్షి బిడ్డలు బృంద, ముక్త. బృంద కాంచీపురం నయనా పిళ్ళె వద్ద కూడా శిక్షణ పొందినది. జయమ్మాళ్ కూతురు బాలసరస్వతి 1925లో, ఏడేండ్ల వయసున, కాంచీపురంలోని అమ్మవారి గుడిలో తొలిసారి ఆడినది. నాట్యమంటే ముఖం తిప్పుకొనే దినాలవి! తరువాతి కాలంలో కూతురు ఆడుతుండగా తల్లి జయమ్మాళ్ వెనుక నిలిచి పాడేది. 1947లో దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ మదరాసు శాసనం వచ్చినది. అటుపిమ్మట కాలం తిరిగి, మదరాసు మ్యూజిక్ అకాడమీ 1973లో బాలకు, 1976లో బృందకు సంగీత కళానిధి బిరుదం ఇచ్చినది. బాల తమ్ముడు విశ్వనాథన్ అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఏండ్ల తరబడి సంగీతం నేర్పినాడు. మువ్వ ఎక్కడున్నదో ఎరుగని పిల్లలకు మువ్వగోపాలుడు అట్లా పరిచయమైనాడు.

ఈ వైభవమేదీ ధనమ్మాళ్ చూడలేదు. ఆమె చివరి దినాలు ధనాభావంతో గడిచినవి. పేరులో ఉన్న ధనం పెట్టెలో ఎన్నడూ నిలువలేదు. 1930లలో గ్రామఫోను వారు ఆమె వాద్యాన్ని కొన్ని ప్లేట్లకు ఎక్కించారు. అవి నేటికీ వినవచ్చును. ప్లేటు ఒక్కొక్క వైపున పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. గరగరల మధ్య వీణ పలుకుతుంది, రాగం ఇంకా విచ్చుకొంటుండగానే ప్లేటు అయిపోతుంది.