పానీపూరీ పట్టలేదు... అప్పుడు అర్థమైంది దవడ విలువ!

ఆదివారం సాయంత్రం. కొండాపూర్‌లో మా పీజీ పక్కనే ఉన్న బండి దగ్గర నిలబడ్డాం. భయ్యా నా చేతిలో మొదటి పూరీ పెట్టాడు. నోరు తెరిచా. పూరీ వెళ్లలేదు. పక్కకు తిప్పి ప్రయత్నించా. ఊహూఁ. చివరికి పూరీ పగిలి, పుదీనా నీళ్లన్నీ షర్టు మీద పడ్డాయి. ఫ్రెండ్స్ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వబోయా. ఎడమ చెవి ముందు కలుక్కుమంది.

అంతకుముందు రోజే కింది ఎడమ దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించుకున్నా. గంటంబావు నోరు తెరిచే ఉంచా. 'రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే' అని లైట్ తీసుకున్నా. మనకు అలవాటే కదా... చిన్న వార్నింగ్ కనిపిస్తే పట్టించుకోకుండా ముందుకెళ్లిపోవడం!

నిజానికి నా దవడ చాలా ఏళ్లుగా వార్నింగ్ ఇస్తూనే ఉంది. ఇంజినీరింగ్ సెకండ్ ఇయర్ నుంచి ఆవలించినప్పుడల్లా ఎడమ చెవి దగ్గర 'టక్' అనే చప్పుడు. నొప్పి లేదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. రూట్ కెనాల్‌కి ముందు డాక్టర్ గారు షుగర్ ఉందా, బీపీ ఉందా, మందులు పడతాయా అని అడిగారు. దవడ గురించి అడగలేదు. నేనూ చెప్పలేదు.

తమాషా ఏంటంటే ఆ ఆదివారం నుంచి 'టక్' ఆగిపోయింది. 'పోన్లే, చప్పుడు పోయింది, మంచిదే' అనుకున్నా. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ని, ఈ మాట నాకు ముందే తట్టాల్సింది. ఎర్రర్ లాగ్స్ ఉన్నట్టుండి ఆగిపోయాయంటే బగ్ పోయిందని కాదు. ఒక్కోసారి సర్వరే పడిపోయిందని!

అరగదీస్తే అయిపోతుందన్నారు

వారం తర్వాత అదే క్లినిక్‌కి క్యాప్ కొలతలు ఇవ్వడానికి వెళ్లా. నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోవట్లేదు. ఇంకో కొత్త గొడవ... నోరు మూస్తే కుడివైపు పళ్లు ముందే తగులుతున్నాయి, ఎడమవైపు సరిగా కలవట్లేదు. 'కుడివైపు కాస్త ఎత్తుగా ఉన్నట్టుంది. ఆ పళ్లు కొంచెం అరగదీసి, ఎడమ పక్కన క్యాప్ వేసేస్తే సమానమైపోతుంది' అన్నారు. వినడానికి లాజిక్ బాగానే ఉంది. కుర్చీలో సగం వాలిపోయా కూడా. ఎందుకో 'సోమవారం వస్తానండీ' అని లేచి వచ్చేశా.

ఆ రాత్రి మా టీమ్‌మేట్‌కి చెబితే, వాళ్లక్క పళ్ల డాక్టరని ఫోన్ కలిపాడు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: 'ఇంతకుముందు చప్పుడు వచ్చేదా? ఇప్పుడు ఆగిపోయిందా?' అవునన్నా. 'అయితే ఒక్క పన్ను కూడా అరగదీయనివ్వకు తమ్ముడూ. ముందు దవడ కీలు చూపించుకో' అన్నారు. ఆ ఒక్క ఫోన్ కాల్ నా కుడివైపు పళ్లను కాపాడింది. ఎలాగో చెప్పే ముందు, అసలు ఈ కీలు కథేంటో చూద్దాం.

ఒకే ఎముక... రెండు కీళ్లు

రెండు చూపుడు వేళ్లూ చెవుల ముందు పెట్టి నోరు తెరిచి చూడండి. వేళ్ల కింద ఏదో కదిలిందా? అదే దవడ కీలు. టెంపొరోమాండిబ్యులర్ జాయింట్... ముద్దుగా టీఎంజే.

తలుపు బందులా తిరగడం ఒక్కటే దీని పని కాదు. మొదటి 20-25 మిల్లీమీటర్ల వరకు ప్రధానంగా బందులా తిరుగుతుంది. ఇంకా తెరిస్తే, దవడ ఎముక తల తన గుంటలోంచి ముందుకు జారుతుంది. ఆ ఎముకకీ పుర్రెకీ మధ్య చిన్న మెత్తలాంటి డిస్క్ ఉంటుంది. ఎముకతోపాటు అదీ జారాలి. పైగా కింది దవడ ఒకటే ఎముక, కీళ్లు మాత్రం రెండు. ఒకటి మొండికేస్తే రెండోదాని మీదా భారం పడుతుంది.

కొందరిలో డిస్క్ తన చోటు నుంచి ముందుకు తప్పుకుంటుంది. నోరు తెరిచేటప్పుడు ఎముక తల దాని మీదికి ఎక్కుతుంది. ఆ ఎక్కే చప్పుడే 'టక్'. మూసేటప్పుడు మళ్లీ జారిపోతుంది. ఇలాంటి చప్పుడు చాలామందికి ఉంటుంది. నొప్పి, పట్టేయడం లేకపోతే మామూలుగా చికిత్సే అక్కర్లేదు. కంగారు వద్దు.

కానీ ఒక్కోసారి ఎముక తల డిస్క్ మీదికి ఎక్కలేక, దాని వెనకే ఆగిపోతుంది. చప్పుడు పోతుంది. నోరు సగమే తెరుచుకుంటుంది. నాకు జరిగింది ఇదే.

స్కేలుతో మొదలైంది

రెండో డాక్టర్ గారు ఓరల్ మెడిసిన్ స్పెషలిస్టు. ఏ పెద్ద మిషనో పెడతారనుకున్నా. జేబులోంచి చిన్న ప్లాస్టిక్ స్కేలు తీశారు! ఆ పరీక్ష ఎలా సాగిందో వరసగా చెబుతా. రేపు మీకూ పనికొస్తుంది.

ముందు ప్రశ్నలు. గత 30 రోజుల్లో దవడ, కణతలు, చెవి చుట్టూ నొప్పి వచ్చిందా? నమిలితే, ఆవలిస్తే పెరుగుతోందా? నోరు ఎప్పుడైనా తెరుచుకోకుండా, లేదా మూసుకోకుండా పట్టేసిందా? రాత్రి పళ్లు కొరుకుతారా?

తర్వాత కొలత. పై ముందు పన్ను అంచు నుంచి కింది ముందు పన్ను అంచు దాకా. మూడుసార్లు కొలిచారు. నొప్పి లేకుండా ఎంత, నొప్పి ఉన్నా నా అంతట నేను ఎంత, ఆవిడ వేళ్లతో మెల్లగా సాయం చేస్తే ఎంత అని. నోరు మూసినప్పుడు పై పళ్లు కింది పళ్ల మీదికి ఎంత వస్తాయో అదీ కలిపారు. పెద్దవాళ్లలో ఇది సాధారణంగా 40 నుంచి 55 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. నాది 27. సాయం చేసినా 28 దాటలేదు. గోడకు తగిలినట్టు ఆగిపోయింది.

ఆ చివరి అంకె చాలా ముఖ్యమట. ఇబ్బంది కండరాలదైతే, మెల్లగా సాయం చేసినప్పుడు నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది. కింది పళ్లకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక కొందరికి కండరం బిగుసుకుని నోరు తెరుచుకోదు. నాదీ అదేనేమో అని ఆవిడ ముందు అనుమానించారు. కానీ గట్టిగా ఆగిపోవడం వేరే కథ చెప్పింది.

మూడోది దారి. నోరు తెరుస్తుంటే గడ్డం నిటారుగా దిగుతోందా? పక్కకు వెళ్లి మళ్లీ మధ్యకు వస్తే ఒక అర్థం, వెళ్లి అక్కడే ఉండిపోతే ఇంకో అర్థం. నా గడ్డం ఎడమకు వెళ్లి అక్కడే ఉండిపోయింది. అంటే ఎడమ కీలు ముందుకు జారట్లేదు.

నాలుగోది పక్క కదలికలు. దవడను ఎడమకు జరిపితే బాగానే వెళ్లింది. కుడికి మాత్రం 4 మిల్లీమీటర్లే. దవడ కుడికి వెళ్లాలంటే ఎడమ కీలు ముందుకు జారాలి మరి. రెండు పరీక్షలూ ఒకే చోటు చూపించాయి. ఇంత క్లీన్‌గా ఇష్యూని ఐసొలేట్ చేయడం నేను ఆఫీసులో కూడా చూడలేదు!

చివరగా వేళ్లతో నొక్కి చూశారు. బుగ్గల మీద, కణతల మీద కండరాలకు సుమారు కిలో ఒత్తిడి, కీలు మీద అరకిలో. ఊరికే నొక్కడం కాదు, 'ఇది మీకు రోజూ వచ్చే నొప్పేనా?' అని అడిగారు. ఈ కొలతలు, ఈ ప్రశ్న ఆవిడ సొంతం కాదు. దవడ కీలు సమస్యల నిర్ధారణకు 2014లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల్లో ఉన్నవే.

ఇదంతా పావుగంట. ఎక్స్‌రే తర్వాత. డిస్క్ కనిపించాలంటే ఎంఆర్‌ఐ, ఎముక అరుగుదల చూడాలంటే సీబీసీటీ స్కాన్. అందరికీ అన్నీ అక్కర్లేదు. నాకు ఎంఆర్‌ఐ తీస్తే, వేళ్లు చెప్పిందే అదీ చెప్పింది.

అరగదీసి ఉంటే?

అసలు పాయింట్ ఇక్కడుంది. ఎడమ కీలులో వాపు ఉంది. ఆ వాపు వల్ల దవడ ఎడమవైపు కాస్త కిందికి దిగింది. అందుకే ఎడమ పళ్లు కలవట్లేదు, కుడి పళ్లు ముందే తగులుతున్నాయి. అంటే కుడి పళ్లు ఎత్తు పెరగలేదు!

ఆ రోజు కుడి పళ్లు అరగదీసి, ఎడమ పక్కన ఆ ఖాళీని నింపేలా క్యాప్ చేసి ఉంటే? వాపు తగ్గి దవడ తన చోటికి వచ్చాక కుడి పళ్లు పొట్టివి, ఎడమ క్యాప్ పొడుగుది అయ్యేవి. క్యాప్ అయితే మార్చుకోవచ్చు. అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. దానికి రోల్‌బ్యాక్ లేదు.

పళ్ల ఎత్తుపల్లాలే దవడ నొప్పికి మూలం అనే ఆలోచన పాతదే. 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికన్ చెవి-ముక్కు-గొంతు డాక్టర్, పళ్లు ఊడి దవడ మూత మారడం వల్లే చెవి, దవడ నొప్పులు వస్తున్నాయని రాశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పళ్లు అరగదీయడం చికిత్సగా నడిచింది. ఇప్పుడు నిపుణుల మాట వేరు. ముందు వెనక్కి తీసుకోగల చికిత్సలే చేయాలి. కొలతల సంగతికొస్తే, స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ పోసెల్ట్ దవడ ఎంత దూరం, ఏ దారిలో కదలగలదో 1952లోనే గీసి చూపించాడు. అంటే ఇది నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు.

ఎవరికి ముఖ్యం?

మామూలు క్లీనింగ్‌కి వెళ్లినా రెండు ప్రశ్నలు, ఒక కొలత చాలు. కానీ నోరు ఎక్కువసేపు తెరవాల్సిన రూట్ కెనాల్, జ్ఞానదంతం తీయడం, క్లిప్పులు, అలైనర్లు, చాలా పళ్లకు క్యాప్‌లు, కట్టుడు పళ్లు... వీటికి ముందు దవడ కదలిక చూసి రాసిపెట్టుకోవాలి. ఎక్కువ క్యాప్‌లు వేసేటప్పుడైతే ఫేస్‌బో అనే పరికరంతో, పై దవడ కీలుకు ఎంత దూరంలో, ఏ కోణంలో ఉందో కొలిచి, ఆర్టిక్యులేటర్ అనే నకలు దవడ మీదికి ఎక్కిస్తారు. ల్యాబ్‌లో టెస్ట్ చేసి, తర్వాతే నోట్లోకి!

ఇంకో కారణం మన దగ్గర మరీ ముఖ్యం. గుట్కా, వక్కపొడి నమిలేవాళ్లలో బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు క్రమంగా మూసుకుపోతుంది. దాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉన్న స్థితి అది. నోరు ఎంత తెరుచుకుంటోందో కొలిచే అలవాటుంటే అదీ ముందే దొరుకుతుంది.

ఇంట్లో ఒక్క నిమిషం

అద్దం ముందు నిలబడండి. మీ చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడూ కలిపి, నిలువుగా ముందు పళ్ల మధ్య పట్టాయా? గడ్డం నిటారుగా దిగుతోందా? చప్పుడు, నొప్పి ఉన్నాయా? వేళ్లు పట్టకపోయినా, నొప్పి ఉన్నా పళ్ల డాక్టర్‌కి ముందే చెప్పండి. బలవంతంగా మాత్రం సాగదీయకండి. నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయినా, జ్వరం-వాపుతో నోరు పట్టేసినా ఆగకుండా వెళ్లాలి.

ఎక్కువసేపు పట్టే చికిత్సయితే కుర్చీలో కూర్చునే ముందు అడగండి: 'నా నోరు ఎంత తెరుచుకుంటోందో రాసుకుంటారా? మధ్యమధ్యలో బ్రేక్ ఇస్తారా? దవడకు ఆసరాగా బైట్ బ్లాక్ పెడతారా?' అడిగితే చిన్నబుచ్చుకునే డాక్టర్లు తక్కువే.

రూట్ కెనాలే నా దవడను పాడు చేసిందా? డాక్టర్ గారిని ఇదే అడిగా. 'డిస్క్ ఎప్పుడో తప్పుకుంది. అంతసేపు నోరు తెరవడం ఆఖరి తోపు అయి ఉండొచ్చు. ఖాయంగా చెప్పలేం, ముందు కొలత లేదు కదా' అన్నారు. నాకు బాగా గుచ్చుకున్న మాట అదే. ముందు అంకె లేకపోతే తర్వాత అంకెకి అర్థం లేదు.

41

చికిత్సలో సర్జరీ ఏం లేదు. కొన్నాళ్లు మెత్తటి తిండి, వేడి కాపడం, వాపు తగ్గడానికి మందులు, రోజూ కొలిచి చేసే చిన్న వ్యాయామాలు. రూట్ కెనాల్ చేసిన పన్నుకి గట్టి ఫిల్లింగ్ పెట్టి, క్యాప్‌ని ఆపారు. ఇంకో పాఠం కూడా నేర్పారు... తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లు కింది పళ్లు తగలకూడదట. నేనేమో కోడ్ రాస్తూ గంటలకొద్దీ పళ్లు బిగించి కూర్చుంటున్నా! మానిటర్ అంచుకి పసుపు స్టిక్కర్ అంటించా: 'పెదాలు కలిపి, పళ్లు విడిగా'. టీమ్ అంతా నవ్వారు. ఇప్పుడు ఇంకో ఇద్దరి మానిటర్ల మీదా అదే ఉంది.

సెలవులకి ఇంటికెళ్తే అమ్మ వారం రోజులు జావ, పెరుగన్నమే పెట్టింది. 'చప్పుడొస్తోందని అప్పుడే చెబితే ఏం పోయేదిరా?' అంది. ఏం చెప్తా!

ఆరు వారాలకు 36. మూడు నెలలకు 41. కుడి పళ్లు, ఎడమ పళ్లు మళ్లీ ఒకేసారి కలిశాయి, దేన్నీ అరగదీయకుండానే. ఆ తర్వాతే క్యాప్ వేశారు. చప్పుడు అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. నొప్పి లేదు కాబట్టి దాని జోలికి వెళ్లొద్దన్నారు.

నా ఫోన్‌లో బ్లడ్ గ్రూప్ పక్కన ఇప్పుడు ఇంకో లైన్ ఉంది: నోరు 41, కుడికి 8, ఎడమకు 9. ఏ పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు అదే చూపిస్తా. మొన్న ఆదివారం అదే బండి దగ్గరికి వెళ్లాం. భయ్యా గుర్తుపట్టి 'చిన్న పూరీ ఇవ్వనా సార్?' అన్నాడు. పెద్దదే ఇమ్మన్నా.