మూడవ సాక్షి

మా సెక్షనులో ఒక అక్కయ్యగారున్నారు. పేరు చెప్పను. పుట్టి పెరిగింది మద్రాసులోనే (చెన్నై అని వ్రాయాలి గాని నోరు తిరగదు), ఇంట మాట మాత్రం తెలుగే. వయసు నలభై ఏడు. విడాకులై పన్నెండేళ్లయినది. ఒక్కర్తే కూతుర్ని చదివించి, పెళ్లిచేసి బెంగుళూరు పంపారు.

పోయిన నెల మధ్యాహ్నం క్యారియరు విప్పుతూ, "తమ్ముడూ, నేను పెళ్లి చేసుకుంటున్నాను. సాక్షి సంతకం పెడతావా?" అన్నారు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

వరుడెవరంటారా? సేలం వైపు తెలుగువారు, బడిపంతులు, భార్య పోయినాయన. గ్రంథాలయంలో పత్రికల బల్ల దగ్గర పరిచయం. రెండేళ్లు ఆలోచించుకున్నారట. ఉద్యోగం మానను, నా సంపాదనతో కొనుక్కున్న ఇల్లు విడవను అని ఆమె ముందే చెప్పారు. "తిండికి లోటై కాదు తమ్ముడూ. సాయంత్రం ఇల్లు చేరితే, ఇవాళ ఏమైందని అడిగే మనిషి కావాలి."

వారి అన్నగారు మండిపడ్డారు. "ఈ వయసులోనా? నలుగురూ నవ్విపోరూ?" ఆ నలుగురూ ఈ పన్నెండేళ్లలో ఆమె గడప తొక్కిన పాపాన పోలేదు. నిజం చెప్పొద్దూ, మొదట నాకూ అదే మాట నాలుక చివరకొచ్చింది.

మన దుర్గాబాయమ్మగారిని మరచిపోయామా? ఎనిమిదవ యేట చేసిన పెళ్లిని పెద్దయ్యాక కాదనుకున్నారు. అప్పటికి మనకు విడాకుల చట్టమే లేదు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు, న్యాయవాది అయ్యారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953 జనవరి 22న, నలభై మూడేళ్ల వయసులో, భార్యను పోగొట్టుకున్న ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌గారిని పెళ్లాడారు. ఆ పెళ్లికి ముగ్గురు సాక్షుల్లో నెహ్రూగారొకరు.

ఇక చిక్కులు లేవనుకోకండి. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం మళ్లీ పెళ్లాడిన స్త్రీకి వచ్చే మనోవర్తిని, మాజీ భర్త అర్జీ పెడితే కోర్టు రద్దు చేయవచ్చు. "పోతే పోనీ" అన్నారు అక్కయ్య. అసలు ముడి కూతురి దగ్గర పడింది. "అమ్మా, మరి ఇల్లు?" అని ఫోనులో అడిగిందట. ఆ రాత్రి ఈవిడకు నిద్ర లేదు. ఆ పిల్ల అడిగినదీ తప్పు కాదు. 1956 వారసత్వ చట్టం ప్రకారం హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే, ఆస్తి బిడ్డలకూ భర్తకూ కలిసి చెందుతుంది. పంతులుగారే వచ్చి, ఇల్లు అమ్మాయి పేర వీలునామా వ్రాయమని ఈవిడకు చెప్పారు. వ్రాశారు. కూతురు మెత్తబడింది గాని పెళ్లికి వస్తానని ఇంకా అనలేదు.

1954 ప్రత్యేక వివాహ చట్టం క్రింద దరఖాస్తు పెట్టారు. దానికి ముప్పై రోజుల నోటీసు. రిజిస్ట్రారు కచేరీలో పేర్లూ చిరునామాలూ గోడకెక్కుతాయి. వయసు వచ్చిన ఆడపిల్లలకే అది కంటగింపు, నలభై ఏడేళ్ల ఆమెకు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఒకనాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి చూపించారు. తన పేరు వేలితో చూపి, "ఇంటిపేరు తప్పు వ్రాశారు, దిద్దించాలి" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

ఇద్దరు సాక్షులు పంతులుగారి వైపువారు. మూడవవాణ్ని నేను. వచ్చే గురువారానికి సెలవుచీటీ ఇచ్చాను. మా ఇంటావిడ తన పట్టుచీర ఇస్త్రీకి వేసింది.